41 వేలు తిరిగిన కారా, 92 వేలు తిరిగిన కారా? పాత సెడాన్‌కు ధర కట్టడం ఎలా

కృష్ణలంక వాసి (8 నవంబరు 2025)

సభ్యులందరికీ నమస్కారం. మాది విజయవాడ. ఏడు లక్షల రూపాయల లోపు ఒక పాత పెట్రోల్ సెడాన్ కొనాలని రెండు నెలలుగా వెతుకుతున్నాను. ఆఫీసుకు రోజూ రానూపోనూ 18 కిలోమీటర్లు, నెలకొకసారి హైదరాబాదు వెళ్లి రావడానికి 550 కిలోమీటర్లు, అంతా కలిపితే ఏడాదికి 12 వేల కిలోమీటర్లకు మించి తిరగను.

వెతికి వెతికి రెండు బండ్ల దగ్గర ఆగాను. మొదటిది హైదరాబాదులో ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర ఉన్న 2018 అక్టోబరు నాటి మారుతి సియాజ్ 1.5 పెట్రోల్; మీటరు మీద 41,300 కిలోమీటర్లు ఉంది, 6.90 లక్షలు అడుగుతున్నారు. రెండోది గుంటూరులో యజమాని నేరుగా అమ్ముతున్న 2017 హోండా సిటీ పెట్రోల్, మాన్యువల్ గేర్లది. అది 92,600 కిలోమీటర్లు తిరిగింది, 6.10 లక్షలు చెబుతున్నారు. 92 వేలు తిరిగిన బండిని ఇంటికి తేవద్దని మా మామగారు గట్టిగా అంటున్నారు. మైలేజీ విషయంలో కూడా కంపెనీ లెక్క ప్రకారం సియాజ్ లీటరుకు 21.56, సిటీ 17.4 ఇస్తాయని చదివాను. ఏ బండికి ఎంత ధర న్యాయమో అనుభవజ్ఞులు చెప్పగలరు.

గవర్నర్‌పేట షెడ్డు (8 నవంబరు)

కృష్ణలంక వాసి గారూ, నేను మెకానిక్‌ను, 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గరకు బండి చూడమని తెచ్చినప్పుడు మీటరును నేను అన్నిటికంటే చివర చూస్తాను. కంప్యూటరు, కేబులు ఉన్న మనిషికి డిజిటల్ మీటరు తగ్గించడం అరగంట పని. అందువల్ల మీటరు చెప్పిన మాట నిజమా కాదా అన్నది బండిలోని మిగతా భాగాలను అడిగి తెలుసుకోవాలి.

క్లచ్ పెడల్ మీది రబ్బరు, గేరు రాడ్డు తల, స్టీరింగు నున్నబడిన తీరు చూడమని అందరూ చెబుతారు, చూడవలసిందే. కానీ ఇవన్నీ తక్కువ ఖర్చుతో మార్చగలిగినవని, వ్యాపారులు మొదట మార్చేవి కూడా ఇవేనని గుర్తుంచుకోండి. ఎనిమిదేళ్ల బండిలో సీటు కవర్లు, స్టీరింగు కవరు, పెడల్ రబ్బర్లు మూడూ కొత్తగా ఉంటే నాకు సంతోషం కలగదు, అనుమానం కలుగుతుంది. ఎవరూ మార్చని వాటిని చూడండి. డ్రైవరు సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి దాని అంచులు నూలు లేచాయో లేదో చూసి, వెనక సీటు బెల్టుతో పోల్చండి. డ్రైవరు తలుపును సగం తెరిచి పైకెత్తి చూస్తే కీలు వదులైనదీ లేనిదీ చేతికి తెలుస్తుంది. ఉదయం ఎండకు ఎదురుగా బండిని నిలబెట్టి ముందు అద్దంలోంచి చూడండి. హైవే మీద ఎక్కువ తిరిగిన బండి అద్దం మీద ఇసుక రేణువులు కొట్టిన సన్నటి చుక్కలు మెరుస్తాయి. అద్దం మార్చి ఉంటే ఎందుకు మార్చారో అడగాలి.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల తయారీ గుర్తు ఉంటుంది. 3518 అంటే 2018లో 35వ వారం అని అర్థం. నాలుగు టైర్లతో పాటు స్టెప్నీ మీద కూడా ఈ అంకెలు రాసుకోండి. 41 వేలు మాత్రమే తిరిగిన బండికి కంపెనీ నుంచి వచ్చిన టైర్లే ఇంకా ఉండాలి, లేదా ఇటీవలే మార్చి ఉండాలి. మధ్యలో ఎప్పుడో ఒక జత మారి, ఆ జత కూడా అరిగిపోయి ఉంటే మీటరు చెప్పే లెక్క కుదరదు.

పల్నాటి పయనం (8 నవంబరు)

టైర్ల విషయంలో షెడ్డు గారి మాటకు చిన్న సవరణ. నా సొంత బండికి 28 వేల కిలోమీటర్లకే నాలుగు టైర్లూ మార్చాను, ఎందుకంటే రెండింటికి పక్క గోడలు పగిలాయి, మిగతా రెండూ ఆరేళ్లవి. టైరు మారినంత మాత్రాన అమ్మేవారిని దొంగగా చూడకూడదు.

గవర్నర్‌పేట షెడ్డు (8 నవంబరు)

ఒప్పుకుంటాను. టైరు ఒక్కటే సాక్ష్యం కాదు. సీటు బెల్టు, తలుపు కీలు, ముందు అద్దం, టైర్లు, బ్రేకు డిస్కు అంచున లేచిన గట్టు, వీటిలో నాలుగైనా ఒకే మాట చెబితేనే నేను ఒక నిర్ణయానికి వస్తాను.

లెక్కల మాస్టారు (9 నవంబరు)

మీ ప్రశ్నలో రెండు వేరువేరు సంగతులు కలిసి ఉన్నాయి. మనం మైలేజీ అన్నప్పుడు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందన్నది ఉద్దేశం. ఎంత తిరిగిందన్నది వేరే లెక్క. ముందుగా రెండోది చూద్దాం.

కిలోమీటర్లను గంటల్లోకి మార్చి చూడండి. హైదరాబాదు నగరంలో ఆఫీసు వేళల్లో నడిచే బండి సగటున గంటకు 18 కిలోమీటర్ల వేగం దాటదనుకుంటే, 40 వేల కిలోమీటర్లకు ఇంజిను 2,200 గంటలకు పైగా తిరిగినట్టు. హైవే మీద సగటున 65 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి 92 వేల కిలోమీటర్లను 1,415 గంటల్లో పూర్తి చేస్తుంది. పైగా ట్రాఫిక్‌లో గేర్లు మారుస్తూ క్లచ్ సగం తొక్కి నడిపే గంట, నాలుగో గేరులోనో ఐదో గేరులోనో సాఫీగా పోయే గంట ఒకటి కావు. గుంటూరు యజమాని బండిని ఎక్కడెక్కడ తిప్పారో అడిగి తెలుసుకోండి. వారంవారం దూరప్రయాణాలు చేసిన బండి అయితే 92 వేలన్నది మీ మామగారు భయపడినంత పెద్ద అంకె కాదు.

ఇక ఇంధనం లెక్క. కంపెనీలు ప్రకటించే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపి తీసినది. ఆ అంకెలు వదిలి, మీ వాడకంలో ఒక బండి లీటరుకు 14, మరొకటి 16 ఇస్తాయనుకుందాం. 12 వేల కిలోమీటర్లకు మొదటిదానికి 857 లీటర్లు, రెండోదానికి 750 లీటర్లు పడుతుంది. లీటరు 110 రూపాయల చొప్పున తేడా ఏడాదికి 11,800 రూపాయలు. రెండు బండ్ల ధరల మధ్య తేడా 80 వేలు. అంటే మైలేజీ వల్ల మిగిలే డబ్బుతో ఆ తేడా పూడడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. కొనే ముందు మైలేజీ గురించి ఎక్కువ ఆలోచించే వారు ఈ భాగహారం ఒకసారి చేసి చూడాలని నా విన్నపం.

కొత్తపేట క్యాబ్ (9 నవంబరు)

నేను హైదరాబాదులో ఆరేళ్లు క్యాబ్ నడిపినవాణ్ణి. నా బండి ఏడాదికి 60 వేలకు తక్కువ ఎప్పుడూ తిరగలేదు. సెడాన్లలో చాలా మోడళ్లు క్యాబులుగా తిరుగుతాయి కాబట్టి, పసుపు బోర్డును తెల్ల బోర్డుగా మార్చి సొంత వాడకం బండిగా అమ్మే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆ మార్పు చట్టప్రకారం చేయించుకోవచ్చు, అందులో తప్పు లేదు. కొనేవారికి చెప్పకపోవడం తప్పు.

దాన్ని పట్టుకోవడానికి నాకు తెలిసిన గుర్తు వెనక ఎడమవైపు సీటు. క్యాబ్‌లో ఒక్కరే ఎక్కితే దాదాపు ఎప్పుడూ అక్కడే కూర్చుంటారు. సొంత వాడకం బండిలో డ్రైవరు సీటు తర్వాత డ్రైవరు పక్క సీటు నలుగుతుంది, వెనక సీటు గట్టిగానే ఉంటుంది. వెనక ఎడమ సీటు కుంగి, ఆ తలుపు పిడి లోపలి భాగం గీతలు పడి, ఆ తలుపు రబ్బరు నలిగి ఉంటే ఆ బండి కిరాయికి తిరిగిందని నేను నమ్ముతాను. ప్రభుత్వ వాహన వివరాల వెబ్‌సైటు వాహన్ పోర్టల్‌లోనూ, ఆర్సీలోనూ (రిజిస్ట్రేషన్ పత్రం) వాహన తరగతి చూడండి, పాత ఇన్సూరెన్స్ కాగితాలు అడగండి. కిరాయి బండి పాలసీ, సొంత బండి పాలసీ వేరువేరుగా ఉంటాయి.

రాయలసీమ డీజిల్ (9 నవంబరు)

ఈ బడ్జెట్‌లో 2017 నాటి డీజిల్ సెడాన్ ఎందుకు చూడకూడదు? లీటరుకు 20 పైన ఇస్తుంది. నేను 1.6 లక్షల కిలోమీటర్లు తిప్పాను, ఇంజిను హెడ్డు విప్పలేదు.

లెక్కల మాస్టారు (9 నవంబరు)

మీ వాడకానికి అది సరిపోయింది. ఈయన వాడకం వేరు. పైగా డీజిల్ బండి దగ్గర మీటరు సమస్య మరింత ముదురుతుంది. ఎక్కువ తిరిగేవారే అదనపు ధర పెట్టి డీజిల్ కొనేవారు. కనుక ఎనిమిదేళ్ల డీజిల్ సెడాన్ 45 వేలే తిరిగిందంటే అది మొదట ఎందుకు డీజిల్‌లో కొన్నారన్న ప్రశ్నకు జవాబు దొరకాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన తర్వాత అక్కడి నుంచి ఇతర రాష్ట్రాలకు చవకగా డీజిల్ కార్లు తరలివచ్చాయి. అలాంటి బండికి మొదటి రిజిస్ట్రేషన్ ఎక్కడ జరిగిందో చూడకుండా ధర మాట్లాడకూడదు.

సింగ్‌నగర్ నివాసి (10 నవంబరు)

అందరూ తక్కువ తిరిగిన బండి గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నా అనుభవం చెప్పడం నా బాధ్యత అనిపించింది. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మా ఇంటి ముందు నా సెడాన్ నాలుగు రోజులు నీళ్లలో నిలబడి ఉంది. అప్పటికి అది తిరిగింది 22 వేల కిలోమీటర్లే. సీట్ల ఎత్తు దాటి నీళ్లు వచ్చాయి. బీమా సంస్థ పూర్తి నష్టంగా లెక్కగట్టి నాకు డబ్బు ఇచ్చింది, బండిని వేలంలో ఎవరో తీసుకున్నారు. కొన్ని నెలల తర్వాత నా పాత నంబరును వాహన్‌లో చూస్తే అది వేరే జిల్లాలో మరొకరి పేరు మీద ఉంది. ఆ కుటుంబానికి దాని కథ తెలుసో లేదో తలచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

ఆ బండి మీటరులో ఎవరూ వేలు పెట్టనవసరం లేదు. 22 వేలన్నది నిజమే. అయినా ఆ బండికి 22 వేలు తిరిగిన బండి ధర పెట్టిన వారు మోసపోయినట్టే. దయచేసి సీటు బెల్టు పూర్తిగా లాగినప్పుడు అడుగున బురద మరక ఉందేమో చూడండి. ముందు సీట్లను వెనక్కి జరిపి వాటి పట్టాల బోల్టులకు తుప్పు పట్టిందేమో చూడండి. స్టెప్నీ తీసి ఆ గుంటలో ఒండ్రు ఉందేమో వేళ్లతో తడిమి చూడండి. ఏసీ వేసి అద్దాలు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చుంటే ముక్కుకే తెలుస్తుంది. ఈ పరీక్షలు విజయవాడ బండ్లకే కాదు, 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదులో ఉన్న బండ్లకూ చేయాలి; మీరు చూస్తున్న 2018 సియాజ్ కూడా అప్పటికి రోడ్డు మీద ఉన్నదే.

కొత్త బండి ధర (10 నవంబరు)

నేను ధర గురించి మాత్రమే చెబుతాను. పాత బండి ధరకు పై హద్దు కొత్త బండి ధరే. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిను ఉన్న కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18 శాతానికి దిగింది. మారుతి వారి చిన్న సెడాన్ డిజైర్ కొత్తదాని షోరూం ధర సుమారు 6.26 లక్షల నుంచి మొదలవుతోంది. సిటీ లాంటి పెద్ద సెడాన్ల మీద సెస్సుతో కలిపి 45 శాతం ఉన్నది 40 శాతం అయింది. అమ్మేవారు చాలామంది ఇప్పటికీ ఆగస్టు నాటి ధరలు మనసులో పెట్టుకునే అడుగుతున్నారు. ఏడేళ్ల సియాజ్‌కు 6.90 లక్షలు పెట్టే ముందు, దానికి కాస్త కలిపితే కొత్త చిన్న సెడాన్ వస్తుందన్న మాట బేరంలో గట్టిగా చెప్పండి. సియాజ్ అమ్మకాలను కంపెనీ 2025లోనే ఆపేసింది. విడిభాగాలకు ఇప్పట్లో కొరత ఉండదు గానీ, తిరిగి అమ్మేటప్పుడు ఆ మాట కొనేవారి నోట వస్తుంది.

ఇంకొక ఖర్చును మీరు లెక్కలో వేయలేదు. సియాజ్ తెలంగాణ బండి. మీరు ఉండేది ఆంధ్రప్రదేశ్. అక్కడి రవాణా శాఖ నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చుకుని ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి, బండి వయసును బట్టి జీవిత పన్ను కట్టాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండికి ఇది తప్పనిసరి. ఆ మొత్తం ఎంతో రవాణా శాఖ కార్యాలయంలో ముందే కనుక్కుని 6.90కి కలపండి. గుంటూరు బండికి ఈ బాధ లేదు.

బీమా గురించి కూడా ఒక మాట. అమ్మేవారు పాలసీలో తమకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే రాయితీ) ఉందని చూపించి దాన్ని ధరలో కలుపుతారు. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. పాలసీ మీ పేరుకు మారేటప్పుడు ఆ రాయితీ మేరకు మీరే డబ్బు కట్టాలి. పాలసీ మీద రాసి ఉన్న ఐడీవీ (బీమా కోసం బండికి కట్టిన విలువ) మాత్రం చూడండి. అది బజారు ధర కాదు, కానీ అమ్మేవారు స్వయంగా తమ బండికి ఒప్పుకున్న విలువ.

పల్నాటి పయనం (10 నవంబరు)

వ్యాపారి దగ్గర కొంటే కొన్ని నెలల వారంటీ ఇస్తారు, కాగితాల పని వారే చూసుకుంటారు. వారి లాభం మీద 18 శాతం జీఎస్టీ కూడా కడతారు. ఆ సౌకర్యానికి కొంత ఎక్కువ ఇవ్వడం అన్యాయం కాదని నా అభిప్రాయం. కాకపోతే వారంటీలో ఇంజిను, గేర్‌బాక్సు తప్ప ఏమేమి ఉన్నాయో చదివి సంతకం పెట్టాలి.

డల్లాస్ తెలుగు (11 నవంబరు)

ఇక్కడ అమెరికాలో మీటరు తిప్పడం 1972 నుంచి ఫెడరల్ చట్టం కింద నేరం. బండి చేతులు మారేటప్పుడు అమ్మేవారు యాజమాన్య పత్రం మీద మీటరు రీడింగు రాసి సంతకం పెట్టాలి. 2011, ఆ తర్వాతి మోడళ్లకు ఈ నిబంధన 20 ఏళ్లు వర్తిస్తుంది. ఊళ్లో మా తమ్ముడు బండి కొన్నప్పుడు, ఇదే పద్ధతిలో అమ్మకపు ఒప్పందంలో రీడింగు రాయించి, అది నిజమని అమ్మేవారు హామీ ఇస్తున్నట్టు ఒక వాక్యం చేర్పించాం. ఆ వాక్యం రాయడానికి వెనకాడిన ఇద్దరి దగ్గర కొనకుండా తిరిగి వచ్చాడు.

కృష్ణలంక వాసి (16 నవంబరు)

అందరికీ కృతజ్ఞతలు. శనివారం హైదరాబాదు వెళ్లి సియాజ్ చూసి వచ్చాను. వెనక సీటు గట్టిగానే ఉంది, వరద గుర్తులు ఏమీ లేవు. స్టెప్నీ మీద 3618 అని ఉంది, అంటే అది కంపెనీదే. కింద ఉన్న నాలుగు టైర్లూ 2021 నవంబరు నాటివి, వాటికి ఇప్పుడు గాడులు బాగా తగ్గిపోయాయి. డ్రైవరు సీటు బెల్టు అంచు నూలు లేచింది, వెనక బెల్టు కొత్తదానిలా ఉంది. సీటు కవర్లు, స్టీరింగు కవరు నిన్న వేసినట్టున్నాయి. అధీకృత సర్వీసు కేంద్రంలో బండి చూపిస్తేనే అడ్వాన్సు ఇస్తానని చెప్పాను. వ్యాపారి మొదట కాదన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. అక్కడి రికార్డులో 2022 ఫిబ్రవరి సర్వీసు నాటికే 68,420 కిలోమీటర్లు అని ఉంది. ఆ తర్వాత ఒక్క సర్వీసు కూడా నమోదు కాలేదు. నమోదు చేసినవారు పొరపాటు పడి ఉంటారని వ్యాపారి అన్నారు. దానికి ముందున్న ఐదు రీడింగులు వరుసగా పెరుగుతూ ఆ అంకె దగ్గరికే వచ్చాయి కాబట్టి నేను నమ్మలేకపోయాను. నమస్కారం పెట్టి వచ్చేశాను.

గవర్నర్‌పేట షెడ్డు (16 నవంబరు)

మంచి పని చేశారు. నా అంచనాలో అది ఇప్పటికి 1.1 లక్షల కిలోమీటర్లు తిరిగి ఉంటుంది; ఆ నిజమే చెప్పి ఉంటే, ధర తగ్గించుకుని ఆ బండిని కూడా తీసుకోమని చెప్పేవాణ్ణి. చెడ్డది కిలోమీటర్లు కాదు. 2022 తర్వాత ఆ ఇంజిన్‌లో నూనె మారిందో లేదో ఎవరికీ తెలియకపోవడం. గుంటూరు బండిని చల్లటి ఇంజినుతో చూడాలి, కాబట్టి మీరు వచ్చేవరకు స్టార్టు చేయవద్దని యజమానికి ముందే చెప్పండి. వీలైతే బండి కంప్యూటరులోని లోపాలు చదివే స్కానరు పెట్టించండి. లోపాల కోడ్లు చెరిపేశాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చాలా బండ్లలో కనిపిస్తుంది. ముందు రోజే చెరిపి ఉంటే ఎందుకో అడగాలి.

కృష్ణలంక వాసి (30 నవంబరు)

గుంటూరు సిటీ తీసుకున్నాను. వివరాలు రాస్తున్నాను, మరొకరికి పనికివస్తాయి.

యజమాని ఉద్యోగరీత్యా తరచూ హైదరాబాదు వెళ్లి వచ్చేవారట. సర్వీసు పుస్తకంలో మొదటి సర్వీసు నుంచి 90 వేల సర్వీసు దాకా ముద్రలు ఉన్నాయి, కేంద్రం రికార్డుతో సరిపోయాయి. ముందు అద్దం మీద షెడ్డు గారు చెప్పిన చుక్కలు నిండా ఉన్నాయి, 92 వేలు తిరిగిన బండి అలాగే ఉండాలి. స్కానరులో కోడ్లు లేవు, చెరిపి 8 వేల కిలోమీటర్లు దాటింది. మా మెకానిక్ చూసి నాలుగు లోపాలు చెప్పారు: టైర్లు 2020వి కాబట్టి వెంటనే మార్చాలి, క్లచ్ అరిగి పై అంచులో పట్టుకుంటోంది, ముందు సస్పెన్షన్ బుష్‌లు (రబ్బరు తొడుగులు) పోయాయి, బ్యాటరీ చివరి దశలో ఉంది. అంచనాలు రాయించి తీసుకువెళ్లాను: వరుసగా 24 వేలు, 18 వేలు, 9 వేలు, 6 వేలు, మొత్తం 57 వేలు. ధర తగ్గించమని ఊరికే అడగకుండా ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, సస్పెన్షన్ సంగతి తనకు తెలియదని, మిగతావి నిజమేనని ఒప్పుకుని 50 వేలు తగ్గించారు. 5.60 లక్షలకు కుదిరింది. ఒప్పందంలో 92,940 అని రీడింగు రాయించాను, ఆయన వెంటనే సంతకం పెట్టారు. యాజమాన్యం మార్పుకు కావలసిన ఫారం 29, 30 అదే రోజు పూర్తిచేశాం.

పనులన్నీ చేయించాక గత వారం ట్యాంకు నిండా పోయించి హైదరాబాదు వెళ్లి వచ్చి, అదే బంకులో మళ్లీ నిండా పోయించాను. 556 కిలోమీటర్లకు 33.7 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 16.5. మామగారు వెనక సీటులో కూర్చుని సూర్యాపేట దాకా నిద్రపోయారు.

లెక్కల మాస్టారు (30 నవంబరు)

శుభం. ఊళ్లో తిరిగే మైలేజీని కూడా ఇలాగే రెండు మూడు ట్యాంకులు చూసి ఇక్కడ రాయండి. నా అంచనా 12, 13 మధ్య.

కృష్ణలంక వాసి (21 డిసెంబరు)

మాస్టారూ, రెండు ట్యాంకుల సగటు 12.8 వచ్చింది.